16 కి.మీ. లింకు: లెక్క ప్రకారం -66 రావాలి, -85 దగ్గరే ఆగిపోయింది

చెరువుగట్టు · డిసెంబరు 6, రాత్రి 9:12

అందరికీ నమస్కారమండి. మాది కైకలూరు దగ్గర ఒక పల్లె. చుట్టూ చేపల చెరువులే. ఇన్నాళ్ళూ ఫైబర్ మీదే నెట్టుకొచ్చాం. కానీ గట్లు బాగుచేసే పొక్లెయిన్లు కేబుల్ తెంపుతూనే ఉన్నాయి. తెగిందంటే రెండు మూడు రోజులు ఊరికి నెట్ ఉండదు. ఇప్పుడు మా రైతుల్లో చాలామంది చెరువులో డీవో మీటర్ పెట్టుకుని, ఆక్సిజన్ తగ్గితే ఫోన్ మోగేలా చేసుకున్నారు. నెట్ పోయిన రోజు వాళ్ళు గట్టు మీద మంచాలు వేసుకుని పడుకుంటున్నారు. అందుకని ఆకివీడు వైపున్న ఒక కేబుల్ ఆపరేటర్ టవర్ నుంచి మా డాబా మీదకి వైర్‌లెస్ లింకు వేశాం.

మ్యాపులో కొలిస్తే దూరం 16 కి.మీ. అటు డిష్ 30 మీటర్ల ఎత్తులో ఉంది. ఇటు మా డాబా 6 మీటర్లు, దాని మీద 21 మీటర్ల గై మాస్టు (తీగలతో లాగి కట్టిన స్తంభం), మొత్తం 27. రెండు వైపులా 30 డీబీఐ గెయిన్ (సిగ్నల్‌ని ఒకవైపు కూడగట్టే బలం) ఉన్న డిష్‌లు, 5.8 గిగాహెర్ట్జ్, 20 మెగాహెర్ట్జ్ చానల్, రేడియో పవర్ 6 డీబీఎం. కాలిక్యులేటర్ సిగ్నల్ -66 డీబీఎం వస్తుందని చూపించింది (మైనస్ పక్కన అంకె ఎంత తక్కువైతే సిగ్నల్ అంత బలం). రెండు రోజులు తిప్పినా -85 దాటలేదు. రేడియోలోని రెండు చైన్లూ (అడ్డం, నిలువు తరంగాలకి వేరు వేరు దారులు) దాదాపు సమానం, -85, -86. లింకు కలుస్తోంది, పింగ్ వెళ్తోంది, కాస్త ఎక్కువ డేటా లాగితే పడిపోతోంది. మధ్యలో కొబ్బరి చెట్లున్న గట్లు ఉన్నాయి, అవే అడ్డమా? మాస్టు ఇంకా పెంచాలా? పెంచాలంటే ఖర్చు, పైగా మా నాన్నగారికి ఆ మాస్టు చూస్తేనే టెన్షన్.

కేబుల్ తమ్ముడు · రాత్రి 9:38

అన్నా, పవర్ 6 ఏంటి? ఆ రేడియోల్లో 27 దాకా ఉంటుంది కదా. ఫుల్ పెట్టేయండి, సరిపోద్ది.

తరంగిణి · రాత్రి 10:05

తమ్ముడూ, ఆ పని చేయకండి. మన దేశంలో ఈ బ్యాండులో డిష్ గెయిన్‌తో కలిపి 36 డీబీఎం, అంటే 4 వాట్లు, అదీ హద్దు. డిష్‌దే 30 కాబట్టి రేడియోకి మిగిలేది 6. చెరువుగట్టు గారు సరిగ్గానే పెట్టారు. పైగా పవర్ పెంచితే అసలు జబ్బు కనపడకుండా పోతుంది. చుట్టుపక్కల లింకులకి గోల కూడా.

లెక్క నేనూ వేశాను. 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర 16 కి.మీ. ఖాళీ దారిలో నష్టం 131.8 డీబీ. బయలుదేరింది 36, అవతలి డిష్ కలిపేది 30. 36 తీసేయి 131.8, కలుపు 30, మొత్తం -65.8. మీ కాలిక్యులేటర్ సరిగ్గానే చెప్పింది. అంటే మీకు 19, 20 డీబీ తక్కువ వస్తోంది. 20 డీబీ అంటే రావాల్సిన పవర్‌లో వందో వంతు.

చెట్లు అడ్డమైతే ఇంత స్థిరంగా ఉండదు, గాలి వీచినప్పుడల్లా ఊగుతుంది. ఒక చైన్ మాత్రమే పడితే కనెక్టరో, ఫీడ్ (డిష్ ముందుండే చిన్న యాంటెన్నా) తిప్పి బిగించడమో అనుకోవచ్చు. మీకు రెండూ సమానంగా పడ్డాయి. రెండు చైన్లూ కలిసి, కదలకుండా, సరిగ్గా 20 దగ్గర తగ్గితే నేను ముందు అనుమానించేది ఒక్కటే. మీ రెండు డిష్‌లలో ఒకటి పక్క లోబ్ మీద, అంటే నడిమి కిరణం మీద కాకుండా దాని పక్కనుండే బలహీనమైన కిరణం మీద కూర్చుంది. ఈ సైజు డిష్‌లలో మొదటి పక్క లోబ్ నడిమి లోబ్ కంటే ఇంచుమించు అంతే తక్కువ ఉంటుంది.

మీరు ఎలా తిప్పారో చెప్పండి.

చెరువుగట్టు · రాత్రి 10:31

ఫోన్లో దిక్సూచి పెట్టి, మ్యాపులో డిగ్రీలు చూసి ముందు అటు తిప్పామండి. లింకు కలిసింది. తర్వాత కొంచెం కొంచెం అటూ ఇటూ జరిపి ఎక్కడ ఎక్కువ వస్తే అక్కడ ఆపాం. ఎటు జరిపినా తగ్గిపోయి లింకు తెగిపోతోంది, అందుకే అదే శిఖరం అనుకున్నాం. రెండు వైపులా అలాగే చేశాం. టవర్ మీద మా బావమరిది ఉన్నాడు, ఇక్కడ నేను.

పాత టవర్ · డిసెంబరు 7, ఉదయం 6:20

బాబూ, శిఖరమే పట్టారు. అయితే అది పక్క కొండ శిఖరం.

నేను మైక్రోవేవ్ స్టేషన్లలో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మా రోజుల్లో డిష్‌లు మనిషి కంటే పెద్దవి, కిరణం వెడల్పు ఒక డిగ్రీ ఉండేది. మీది ఐదారు డిగ్రీలు, పట్టుకోవడం తేలిక. కానీ చేసే పద్ధతి అదే, కాబట్టి వివరంగా రాస్తాను.

ముందు టవర్ మీద ఫోన్ దిక్సూచిని నమ్మవద్దు. చుట్టూ ఇనుము. నా చేతిలో సూది పది డిగ్రీలు పక్కకి చూపించిన టవర్లు ఉన్నాయి. మ్యాపులో రెండు చివరలకీ గీత గీయండి. ఆ గీత మీద కిలోమీటరు, కిలోమీటరున్నర లోపల కంటికి కనపడే గుర్తు ఒకటి వెతకండి. రైస్ మిల్లు గొట్టం, గుడి గోపురం, చర్చి శిఖరం, సెల్ టవర్, ఏదైనా సరే. డిష్ వెనక నిలబడి ఫీడ్ మీదుగా ఆ గుర్తుని చూడండి. కిలోమీటరున్నర దగ్గర ఒక డిగ్రీ అంటే 26 మీటర్లు. గొట్టానికి ఒక ఇల్లు పక్కకి చూసినా ఒక డిగ్రీ లోపలే ఉంటారు. అదే 16 కి.మీ. అవతల ఒక డిగ్రీ తప్పితే 280 మీటర్లు.

తర్వాత ఒక చివర పూర్తిగా వదిలేయండి, బోల్టులు బిగించి ముట్టుకోవద్దు. రెండో చివర మాత్రమే తిప్పండి. ఇద్దరూ ఒకేసారి తిప్పితే ఎవరి వల్ల పెరిగిందో ఎవరి వల్ల తగ్గిందో దేవుడికే తెలియాలి.

ఇక అసలు సంగతి. ఇప్పుడున్న చోటు నుంచి ఎడమకి ఇరవై డిగ్రీలు, కుడికి ఇరవై డిగ్రీలు, మొత్తం ఊడ్చినట్టు తిప్పాలి. మధ్యలో లింకు తెగిపోతుంది. అక్కడే అందరూ భయపడి వెనక్కి వస్తారు, మీరూ అదే చేశారు. రెండు లోబ్‌ల మధ్య గొయ్యి ఉంటుంది, అందులో సిగ్నల్ ఉండదు. ఆ గొయ్యి దాటాలి. పైగా తెగిన రేడియో మళ్ళీ కలవడానికి పది ఇరవై సెకన్లు పడుతుంది. గబగబా తిప్పితే నడిమి లోబ్ మీదుగా వెళ్ళిపోయినా మీకు తెలియదు. రెండు డిగ్రీలు జరపండి, చెయ్యి తీసేయండి, అర నిమిషం ఆగండి, అంకె కాగితం మీద రాయండి. మళ్ళీ రెండు డిగ్రీలు. మూడు శిఖరాలు దొరుకుతాయి. నడిమిది మీది.

పక్క లోబ్ నడిమి దాని నుంచి ఎనిమిది తొమ్మిది డిగ్రీల దూరంలో ఉంటుంది. అంటే ఇప్పుడు మీ డిష్ ఒకటి మీ ఊరికి రెండున్నర కి.మీ. పక్కన ఉన్న ఊరిని చూస్తోంది.

అడ్డం అయ్యాక నిలువు. అదీ అలాగే ఊడ్చండి. చివరగా బోల్టులు. ఒక వైపు బోల్టు పూర్తిగా బిగించి రెండో దానికి వెళ్తే డిష్ అర డిగ్రీ తిరిగి కూర్చుంటుంది. అర చుట్టు ఇది, అర చుట్టు అది, ప్రతి చుట్టుకీ అంకె చూసుకుంటూ బిగించండి.

పాడేరు లింక్ · ఉదయం 7:48

పాత టవర్ గారు చెప్పిన గుర్తు పద్ధతి బంగారం. మా కొండల్లో పొగమంచు ఉన్న రోజు గుర్తులు కనపడవు. అప్పుడు మంచు విడిచాక మధ్యాహ్నం అవతలి వాళ్ళని అద్దం తిప్పమంటాం. ఎండ తగిలి మెరుపు కనపడుతుంది. 12 కి.మీ. దాకా మేమే చూశాం. మీ డెల్టాలో పొడి గాలి ఉన్న రోజు ప్రయత్నించండి.

ఇంకోటి, రేడియోలో దూరం సెట్టింగు చూశారా? సిగ్నల్ 16 కి.మీ. వెళ్ళడానికి 53 మైక్రోసెకన్లు, తిరిగి జవాబు రావడానికి ఇంకో 53. రేడియో అంత సేపు ఆగేలా పెట్టకపోతే జవాబు రాలేదనుకుని పంపిందే మళ్ళీ పంపుతుంది. సిగ్నల్ బాగున్నా స్పీడు రాదు.

చెరువుగట్టు · ఉదయం 8:02

దూరం 17 కి.మీ. పెట్టానండి. పాత టవర్ గారూ, మీ మెసేజ్ మొత్తం ప్రింటు తీసి మా బావమరిదికి ఇచ్చాను. ఈ మధ్యాహ్నం మళ్ళీ ఎక్కుతున్నాం.

కేబుల్ తమ్ముడు · ఉదయం 8:15

పవర్ విషయం తెలీక చెప్పాను, సారీ. ఒక డౌటు. అసలు వైఫై రేడియోలతో 16 కి.మీ. అంటే ఎక్కువ కాదా? మా ఊళ్ళో 3 కి.మీ. లింకే సతాయిస్తోంది.

పాత టవర్ · ఉదయం 9:10

దూరం ఒక్కటే చూడకు నాయనా, దారి ఎలా ఉందో చూడాలి. 2007లో వెనెజువెలాలో రెండు కొండ శిఖరాల మధ్య వైఫైతో 382 కి.మీ. కలిపారు. మధ్యలో లోయ, ఏ అడ్డూ లేదు. మన దగ్గరే, 2000ల మధ్యలో బైర్రాజు ఫౌండేషన్ వాళ్ళు అశ్విని ప్రాజెక్టు పేరుతో పశ్చిమ గోదావరి పల్లెల్ని దూరపు వైఫై లింకులతో కలిపారు. నీ 3 కి.మీ. లింకు మధ్యలో చింతచెట్టు ఉంటే అది 382 కంటే కష్టం.

చెరువుగట్టు · డిసెంబరు 8, రాత్రి 7:44

వచ్చిందండి! -63!

ఎలా జరిగిందో రాస్తాను. నా వైపు బిగించి వదిలేశాను. బావమరిది టవర్ ఎక్కాడు, బెల్టు, రెండు కొక్కేలు, చేతిలో స్పానర్. మ్యాపు గీత మీద ఆ ఊరి రైస్ మిల్లు గొట్టం దొరికింది. డిష్ వెనక నుంచి చూస్తే గొట్టం అసలు ఎదురుగా లేదు, బాగా కుడికి ఉందన్నాడు. ఫోన్ స్పీకర్లో పెట్టుకుని నేను కింద లాప్‌టాప్ ముందు కూర్చుని అంకెలు చదివాను. -85. రెండు డిగ్రీలు, -89. ఇంకో రెండు, తెగిపోయింది. "బావా పోయింది, వెనక్కి తిప్పనా" అన్నాడు. వద్దు, ఇంకా కుడికి అన్నాను. అర నిమిషం, ఏమీ లేదు. ఇంకో రెండు డిగ్రీలు. స్క్రీన్ ఖాళీ. నాకే చెమటలు పట్టాయి. ఉన్నట్టుండి -71 అని వచ్చింది. తర్వాత -64, -63, -64, -69. ఇంకా కుడికి వెళ్తే మళ్ళీ తెగింది, మళ్ళీ -84. మూడు శిఖరాలు, మీరు చెప్పినట్టే. నడిమి దానికి తిరిగొచ్చి ఆపాం. మొత్తం తొమ్మిది డిగ్రీలు తప్పాం.

బోల్టులు బిగించేటప్పుడు -66కి పడింది, వదులు చేసి అర చుట్టు చొప్పున బిగిస్తే మళ్ళీ -63కి వచ్చింది. నా వైపు కూడా ఊడ్చి చూశాను, అది ముందే నడిమి మీద ఉంది. డౌన్‌లోడ్ 80 ఎంబీపీఎస్ దాకా లాగుతోంది. మా నాన్నగారు టీవీలో అమెరికాలో ఉన్న మనవరాలితో వీడియో మాట్లాడారు. అందరికీ చేతులెత్తి నమస్కారం.

తరంగిణి · రాత్రి 8:20

చాలా సంతోషం. ఒక్క మాట. లెక్క ప్రకారం -66 రావాలి. మీకు -63 వచ్చింది. తక్కువ రావడానికి వంద కారణాలు ఉంటాయి, ఎక్కువ రావడానికి కారణాలు చాలా తక్కువ. రేడియో మీటర్ ఒకటి రెండు డీబీ అటూ ఇటూ చూపిస్తుంది నిజమే. కానీ మీ దారి నిండా నీళ్ళు ఉన్నాయి. ఆ అదనపు 3 డీబీ నీళ్ళ మీద నుంచి వస్తోందేమోనని నా అనుమానం. నీళ్ళు ఇచ్చింది నీళ్ళే తీసుకోగలవు. ఒక వారం పాటు సిగ్నల్‌ని నిమిషానికోసారి రికార్డు చేయండి, రాత్రుళ్ళు కూడా.

చెరువుగట్టు · డిసెంబరు 13, ఉదయం 6:05

తరంగిణి గారూ, మీరు అన్నంతా అయింది.

మూడు రోజులుగా ఇదే వరస. పగలంతా -63 కదలదు. రాత్రి పదకొండు నుంచి ఊగడం మొదలు. మూడింటికి -72. ఇవాళ తెల్లవారుజామున 4:10కి -84, 4:35కి లింకు పోయింది, 5:50కి ఎండ తగలకముందే మళ్ళీ లేచి కూర్చుంది. గాలి లేదు, ఆకు కదల్లేదు, చలి బాగా ఉంది, చెరువుల మీద మంచు పట్టింది.

ఇక్కడ బాధ ఏంటంటే, చెరువులో ఆక్సిజన్ కూడా సరిగ్గా ఆ మూడు నుంచి ఆరు లోపలే అట్టడుగుకి వెళ్తుంది. రాత్రంతా చేపా, నాచూ అన్నీ పీల్చేసి ఉంటాయి. రైతుకి ఫోన్ మోగాల్సిన టైములోనే నా లింకు చచ్చిపోతోంది. మొన్న పక్క చెరువాయన అలవాటు కొద్దీ నాలుగింటికి లేచి గట్టు మీదకి వెళ్తే చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయట. ఏరేటర్లు వేసి కాపాడుకున్నాడు. నా నెట్‌ని నమ్ముకుని పడుకుని ఉంటే ఏమయ్యేది? రెండు రోజులుగా నాకు నిద్ర లేదు.

కేబుల్ తమ్ముడు · ఉదయం 7:00

అన్నా, మంచు వల్లేమో? కనెక్టర్లలో నీళ్ళు దిగాయేమో కూడా చూడండి.

పాడేరు లింక్ · ఉదయం 7:25

పొగమంచు అయితే మా లింకులు ఏటా మూడు నెలలు పనిచేయకూడదు. 5.8లో తరంగం పొడవు ఐదు సెంటీమీటర్లు. మంచు తుంపర దాని ముందు దుమ్ము కూడా కాదు. కనెక్టర్లో నీళ్ళు దిగితే తెల్లారగానే బాగవదు, ఎండ ఎక్కాక ఆరాలి. ఇది గాలి, నీళ్ళు కలిసి చేస్తున్న పనే.

చెరువుగట్టు · ఉదయం 7:31

కొంగలేమో అని కూడా చూశానండి. ఆటపాక పక్షుల కేంద్రం మాకు దగ్గరే, డిష్ మీద కొంగలు వాలుతూనే ఉంటాయి. టార్చి వేసి చూశాను, ఆ టైములో ఏమీ లేవు.

తరంగిణి · మధ్యాహ్నం 1:15

ఇవాళ సెలవు పెట్టి కూర్చుని లెక్క వేశాను. కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

మీ డిష్‌కి రెండు కిరణాలు వస్తున్నాయి. ఒకటి నేరుగా. రెండోది మధ్యలో చెరువు నీళ్ళ మీద పడి లేచి. ఇంత వాలుగా పడినప్పుడు నిశ్చలమైన నీళ్ళు అద్దంలా పనిచేస్తాయి. ఒక చిత్రం ఏంటంటే, నీళ్ళ మీద పడి లేచేటప్పుడు తరంగం తలకిందులవుతుంది. కాబట్టి రెండు దారుల తేడా సరిగ్గా ఒక తరంగమో, రెండు తరంగాలో అయితే రెండూ కొట్టుకుని సున్నా. ఒకటిన్నర అయితే రెండూ కలిసి బలం.

మీ ఎత్తులు 30, 27. దూరం 16. మామూలు గాలిలో భూమి వంపు కూడా లెక్కలోకి తీసుకుంటే దారుల తేడా 7.6 సెం.మీ. తరంగం పొడవు 5.17. అంటే దాదాపు ఒకటిన్నర తరంగం. అందుకే పగలు మీకు లెక్క కంటే ఎక్కువ వచ్చింది.

ఇప్పుడు చలి రాత్రి. గాలి కదలదు, నేల, నీళ్ళ దగ్గర గాలి చల్లబడుతుంది, పైన గాలి వెచ్చగా ఉంటుంది. ఆ పొరల్లో తరంగం మామూలు కంటే ఎక్కువగా కిందికి వంగుతుంది. తరంగం కంటికి భూమి వంపు తగ్గినట్టు ఉంటుంది. వంపు పూర్తిగా మాయమైందనుకుంటే తేడా 10.1 సెం.మీ. దాదాపు రెండు తరంగాలు. సున్నా. తెల్లవారుజామున మీరు చూస్తున్నది ఇదే. మీ బోల్టులు కదల్లేదు, రేడియో పాడవలేదు.

ఇక ఏం చేయాలి. ఎవరైనా డిష్ ఇంకా పైకి ఎత్తమంటారు. నా లెక్క కిందికి దించమంటోంది. మీ మాస్టు మీద డిష్‌ని 4 మీటర్లు కిందికి, 23 మీటర్లకి తెండి. అప్పుడు పగటి తేడా 6.4 సెం.మీ., అంటే 1.23 తరంగాలు. రాత్రి 8.6 సెం.మీ., అంటే 1.67. పగలూ రాత్రీ రెండూ సున్నాకి దూరంగా, శిఖరానికి అటొకటి ఇటొకటి ఉంటాయి. పగలు మీ -63 కాస్త తగ్గొచ్చు. రాత్రి నిలబడుతుంది.

పాత టవర్ · సాయంత్రం 4:40

అమ్మా, లెక్క చూశాను, బాగుంది. మా కాలంలో నది మీదుగా, చెరువుల మీదుగా వెళ్ళే లింకులకి ఒకే టవర్ మీద ఒకదాని కింద ఒకటి రెండు డిష్‌లు పెట్టేవాళ్ళం. ఒకటి పడినప్పుడు ఇంకోటి నిలబడేది. ఈ లింకుకి అలా పెట్టాలంటే రెంటి మధ్య ఏడెనిమిది మీటర్లు ఉండాలి. ఒక్క డిష్‌తో అయిపోతే అంతకంటే కావాల్సింది ఏముంది.

చెరువుగట్టు బాబూ, ఎవరైనా డిష్‌ని కాస్త ఆకాశం వైపు ఎత్తితే నీళ్ళ కిరణం తగ్గుతుందని చెప్తే వినకు. ఆ కిరణం నేరు కిరణానికి ఒక డిగ్రీలో అయిదో వంతు కింద నుంచి వస్తోంది. మీ డిష్ కిరణమే ఐదారు డిగ్రీలు. అది రెంటినీ వేరు చేయలేదు. ఎత్తితే రెండూ కలిసి తగ్గుతాయి.

చెరువుగట్టు · సాయంత్రం 5:15

అర్థమైందండి. ఒక్క భయం. దించితే గట్ల మీద కొబ్బరి చెట్లు తగులుతాయేమో. మా ఇంటి నుంచి సరిగ్గా 2 కి.మీ. దగ్గర ఒక గట్టు మీద వరసగా ఉన్నాయి. మిగతా దారి అంతా ఖాళీ నీళ్ళే.

తరంగిణి · సాయంత్రం 6:02

మంచి ప్రశ్న. 23 మీటర్ల నుంచి 30 మీటర్లకి గీత గీస్తే మీ వైపు నుంచి 2 కి.మీ. దగ్గర అది 23.9 మీటర్లు. భూమి వంపుకి 1.7 తీసేయండి. తరంగం తీగలా వెళ్ళదు, దోసకాయ ఆకారంలో మధ్యలో లావుగా వెళ్తుంది. అక్కడ దాని వ్యాసార్థం 9.5 మీటర్లు, అందులో కనీసం అరవై శాతం ఖాళీగా ఉండాలి, అంటే 5.7. మిగిలేది 16.5 మీటర్లు. చెట్టు మట్టలతో కలిపి అంతకంటే పొట్టిగా ఉండాలి. కొలవండి, కంటితో అంచనా వేయకండి. ఇంకా దించుతామంటే మాత్రం నేను ఒప్పుకోను. 18కి వెళ్తే చెట్టు 12 దాటకూడదు.

చెరువుగట్టు · డిసెంబరు 14, ఉదయం 10:20

కొలిచాం. కొబ్బరి దింపే ఆయన్ని ఎక్కించి, అన్నిటికన్నా పొడుగు చెట్టు మొవ్వులోంచి నైలాన్ తాడు కింద పడేయించాం. కాండం 11.8 మీటర్లు. పైకి లేచిన మట్టతో కలిపి గట్టు మీద నుంచి 14 కంటే తక్కువే. గట్టు ఎత్తు ఒకటిన్నర. మొత్తం 15.5 లోపల.

తరంగిణి · ఉదయం 10:41

దించండి. ఆ గట్టు రైతుతో మాత్రం ముందే మాట్లాడి ఉంచండి. మీకున్న చోటు ఒక మీటరే. కొబ్బరి చెట్టు ఆగదు కదా.

డల్లాస్ గోదారోడు · రాత్రి 11:50

ఈ థ్రెడ్ మొదటి నుంచి చదివాను. నేను ఇక్కడ టెక్సస్‌లో ఇదే పని చేస్తాను, మాది ఉండి దగ్గర. ఆ గట్లు, ఆ కొబ్బరి చెట్లు కళ్ళ ముందు కనపడ్డాయి. ఎవరైనా చదివి 24 గిగాహెర్ట్జ్‌కో 60కో మారదామనుకుంటారేమోనని రాస్తున్నాను. 60లో గాలిలోని ఆక్సిజనే కిలోమీటరుకి 15 డీబీ మింగేస్తుంది, 16 కి.మీ. మాటే వద్దు. 24లో గంటకి 100 మి.మీ. వాన పడితే అదే 15 డీబీ కిలోమీటరుకి. మన తుఫాన్లలో అలాంటి వాన తెలిసిందే కదా. ఇంత దూరానికి 5.8 సరైన ఎంపిక.

మాస్టు మీద పనిచేసేటప్పుడు 11 కేవీ లైను ఎంత దూరంలో ఉందో చూసుకోండి అన్నా. గై వైరు వదులు చేసేటప్పుడు కింద ఇద్దరు పట్టుకోవాలి. ఇక్కడ నాతో పనిచేసినతను ఒక్కడే చేయబోయి కాలు విరగ్గొట్టుకున్నాడు.

చెరువుగట్టు · డిసెంబరు 15, రాత్రి 8:30

తమ్ముడూ, లైను రోడ్డు అవతల ఉంది, మాస్టు పడినా అందదు. మధ్యాహ్నం నలుగురం కలిసి దించాం. గై వైర్లు ముట్టుకోలేదు, క్లాంపులు మాత్రం వదులు చేసి డిష్‌ని తాడుకి కట్టి 23 దగ్గరకి తెచ్చాం. అడ్డం, నిలువు మళ్ళీ ఊడ్చాను. పగలు -65. రెండు డీబీ తగ్గింది, తరంగిణి గారు చెప్పినంతే. ఎర్తింగు కూడా ఈ పనిలోనే కొత్తగా వేయించాను, బొగ్గూ ఉప్పూ పోసి. ఇక రాత్రి కోసం చూస్తున్నాను.

చెరువుగట్టు · డిసెంబరు 16, ఉదయం 6:12

రాత్రంతా కూర్చున్నాను. నిన్నటికంటే చలి ఎక్కువ, అదే నిశ్శబ్దం, అదే మంచు.

11 గంటలకి -65. 1 గంటకి -64. 3 గంటలకి -63. 4:10కి -64. 4:35కి -64. ఒక్కసారి -67కి వెళ్ళి రెండు నిమిషాల్లో వెనక్కి వచ్చింది. ఆ తర్వాత కదల్లేదు.

4:50కి మా పక్క చెరువాయన ఫోన్ మోగింది. డీవో 3కి పడింది. డాబా మీద నుంచి చూస్తుంటే ఆయన గట్టు మీద లైటు వెలిగింది, ఏరేటర్లు తిరగడం మొదలైంది. నీళ్ళు కొట్టుకునే చప్పుడు మా దాకా వినపడింది.

పాత టవర్ · ఉదయం 6:40

బాగా చేశారు. ఇప్పుడు పడుకో బాబూ.

తరంగిణి · ఉదయం 9:05

ఈ రికార్డు ఆపకండి, సంక్రాంతి దాటేదాకా నడవనివ్వండి. చలి గట్టిగా ఉండే రోజులు ఇంకా ముందున్నాయి. వేసవిలో చెరువుల్లో నీళ్ళు మీటరు తగ్గినా రెండు ఎత్తులూ కొంచెం మారతాయి. అప్పటి అంకెలు కూడా ఇక్కడే పెట్టండి, మళ్ళీ లెక్క వేద్దాం.

చెరువుగట్టు · ఉదయం 11:30

తప్పకుండానండి. కొబ్బరి చెట్ల రైతుతో మాట్లాడాను. ఆయనకీ మన నెట్ కావాలట. ఆ పొడుగు చెట్టు ఏడాదికోసారి కొలుచుకోండి, అవసరమైతే మట్టలు కొట్టించుకోండి అన్నాడు.